వార్తలో పౌరుడు ఏ పురుష? : పౌర పాత్రికేయం - ఆచరణ, బోధన

తెలుగు దినపత్రికల జిల్లా పుటలను క్రమం తప్పకుండా చదివేవారికి ఒక వాక్యం కంఠస్థమై ఉంటుంది: ‘ఇప్పటికైనా సంబంధిత అధికారులు స్పందించి తగిన చర్యలు తీసుకోవాలని స్థానికులు కోరుతున్నారు.’ తాగునీటి ఎద్దడి, కూలిపోయేలా ఉన్న బడి, వెలగని వీధి దీపాలు, గుంతలు పడిన రోడ్డు - వార్తావస్తువు ఏదైనా ముగింపు ఇదే. ఈ వాక్యంలో అసత్యమేమీ లేదు. అయితే ఇందులోని ‘స్థానికులు’ ఎవరు, ఎందరు, ఈ మాట ఎక్కడ అన్నారు, వారిలో వారికి భేదాభిప్రాయాలున్నాయా, కోరడం తప్ప మరేమైనా చేశారా అన్న ప్రశ్నలకు వార్తలో జవాబు దొరకదు.

తెలుగు వ్యాకరణ సంప్రదాయంలో మాట్లాడే వ్యక్తి ఉత్తమ పురుష, వినే వ్యక్తి మధ్యమ పురుష, ఎవరిని గురించి మాట్లాడుకుంటున్నారో ఆ వ్యక్తి ప్రథమ పురుష. పై వాక్యంలో స్థానికులు ప్రథమ పురుషలో ఉన్నారు. వ్యాకరణరీత్యా అది సహజమే. కాని వార్త మొత్తం స్వభావం కూడా అలాగే ఉండడం గమనించదగినది. విలేకరికీ అధికారికీ మధ్య జరిగే సంభాషణలో పౌరుడు ప్రస్తావనకు వచ్చే మూడో మనిషిగా మిగిలిపోతున్నాడు. పౌర పాత్రికేయం పేరుతో 1990లలో అమెరికాలో బలపడిన ఆలోచన మార్చదలచినది ఈ స్థితినే. ఆ ఆలోచనను, దాని ఆచరణను, దానికి ఎదురైన విమర్శలను తెలుగు పత్రికా చరిత్ర, తెలుగు భాషా స్వభావాల వెలుగులో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. పౌర పాత్రికేయం అంటే పౌరులను గురించి ఎక్కువ వార్తలు రాయడం కాదని, వార్తలో పౌరుడి పురుషను మార్చడమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

పరిభాష

ఇంగ్లీషులో సివిక్ జర్నలిజం, పబ్లిక్ జర్నలిజం అన్న పేర్లు ఇంచుమించు పర్యాయపదాలుగా వాడుకలో ఉన్నాయి. సిటిజన్ జర్నలిజం వేరు. మొదటిదానిలో వృత్తి పాత్రికేయులు తమ పని పద్ధతిని మార్చుకుని పౌరుల చర్చకు, నిర్ణయానికి తోడ్పడతారు. రెండోదానిలో పాత్రికేయ వృత్తిలో లేని వ్యక్తి తానే వార్తను, ఛాయాచిత్రాన్ని, దృశ్యాన్ని సేకరించి ప్రచురిస్తాడు. తెలుగులో రెండింటికీ ‘పౌర పాత్రికేయం’ అన్న మాటే వాడటం వల్ల సెల్‌ఫోనులో తీసిన వీడియోను పంపడమే పౌర పాత్రికేయమన్న అభిప్రాయం స్థిరపడింది. ఈ వ్యాసంలో ఆ మాటను సివిక్ జర్నలిజం అన్న అర్థంలోనే గ్రహించాలి.

అనువాద పదాల అంతరార్థాలు కూడా పట్టించుకోదగినవి. ‘పౌర’ శబ్దం పుర శబ్దభవం, అంటే నగరవాసికి చెందినది. ‘ప్రజ’ సంస్కృతంలో సంతానం, ఆపైన రాజు పాలనలో ఉన్న జనం. పౌరహక్కుల ఉద్యమాలు, ప్రజాసంఘాలు ఈ రెండు మాటలకూ కొత్త అర్థాలు కల్పించాయి. అయినా ఊరి సమస్యలను అర్జీలుగానూ, ఊరివారిని అర్జీదారులుగానూ చూసే వార్తా శైలిలో ‘ప్రజ’ అన్న మాటకు ఉన్న పాత అర్థపు ఛాయ ఇంకా పూర్తిగా చెరిగిపోలేదు.

సిద్ధాంత నేపథ్యం

పౌర పాత్రికేయ చర్చకు మూలం 1920ల నాటిది. వాల్టర్ లిప్‌మన్ ‘పబ్లిక్ ఒపీనియన్’ (1922), ‘ది ఫాంటమ్ పబ్లిక్’ (1925) గ్రంథాలలో ఆధునిక ప్రపంచం సామాన్య పౌరుడి అవగాహనకు అందనంత సంక్లిష్టమైనదని, పాలన నిపుణుల సాయంతో సాగవలసినదని వాదించాడు. జాన్ డ్యూయీ ‘ది పబ్లిక్ అండ్ ఇట్స్ ప్రాబ్లమ్స్’ (1927) గ్రంథంలో లిప్‌మన్ చెప్పిన రోగలక్షణాలను చాలావరకు అంగీకరించాడు, చికిత్సను మాత్రం అంగీకరించలేదు. పరస్పర సంభాషణ ద్వారా ప్రజాసమూహం తనను తాను గుర్తించగలదని, సమాచారం ఆ సంభాషణలో కలిసినప్పుడే జ్ఞానమవుతుందని ఆయన భావన. లిప్‌మన్ దృష్టిలో పాఠకుడు నిపుణుల నిర్ణయాలను దూరం నుంచి చూసేవాడు. డ్యూయీ దృష్టిలో నిర్ణయానికి దారితీసే మాటల్లో పాలుపంచుకునేవాడు.

ఆరు దశాబ్దాల తరువాత ఈ చర్చ మళ్లీ పైకి రావడానికి తక్షణ కారణం 1988 నాటి అమెరికా అధ్యక్ష ఎన్నిక. ఆ ప్రచారాన్ని వార్తా సంస్థలు గుర్రప్పందెంలా నివేదించాయని, అభ్యర్థుల ఎత్తుగడలకు దక్కిన స్థలం ఓటర్ల సమస్యలకు దక్కలేదని పాత్రికేయులలోనే అసంతృప్తి రేగింది. న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో పాత్రికేయ ఆచార్యుడైన జే రోజెన్ ఆ అసంతృప్తికి సిద్ధాంత రూపం ఇచ్చాడు. ఆయన గ్రంథం ‘వాట్ ఆర్ జర్నలిస్ట్స్ ఫర్?’ (1999) ఈ ఉద్యమానికి ఆత్మకథ వంటిది. న్యూస్‌రూమ్ వైపు నుంచి ఆ బాధ్యత తీసుకున్నవాడు కాన్సాస్ రాష్ట్రంలోని ‘విచిటా ఈగిల్’ సంపాదకుడు డేవిస్ మెరిట్. తరగతి గదికి చెందిన వ్యక్తి, న్యూస్‌రూమ్‌కు చెందిన వ్యక్తి కలిసి ఒక ఆలోచనను నిర్మించడం పాత్రికేయ చరిత్రలో అరుదైన విషయం.

న్యూస్‌రూమ్ ప్రయోగాలు

జార్జియా రాష్ట్రం కొలంబస్‌లోని ‘లెడ్జర్-ఎంక్వైరర్’ 1988లో తమ నగరం భవిష్యత్తుపై ఒక వార్తామాల ప్రచురించింది. నివాసులను సర్వే చేసి, సమస్యలను వివరించి, ఊరుకుంది. స్పందన రాలేదు. అప్పుడు పత్రికే పూనుకుని ఊరివారి సభ ఏర్పాటు చేసింది. ఆ సభ నుంచి పౌర బృందాలు పుట్టుకొచ్చాయి. సమాచారం ఇచ్చినంత మాత్రాన చర్చ మొదలుకాదని, చర్చకు చోటు కూడా కావాలని ఈ అనుభవం తెలియజేసింది.

‘విచిటా ఈగిల్’ 1990 నాటి గవర్నరు ఎన్నికలో ఓటర్లు ముఖ్యమనుకున్న సమస్యలను ముందుగా తెలుసుకుని, వాటిపై అభ్యర్థుల వైఖరులను వారంవారం పక్కపక్కన ప్రచురించింది. అభ్యర్థి ఏమీ చెప్పకపోతే ఆ విషయాన్నీ ప్రచురించింది. రెండేళ్ల తరువాత విచిటా స్టేట్ విశ్వవిద్యాలయంతో కలిసి దాదాపు రెండు వందల మంది నివాసులతో సుదీర్ఘ సంభాషణలు జరిపి, వాటి ఆధారంగా మరో వార్తామాల నడిపింది.

ఉత్తర కరోలినాలోని ‘షార్లెట్ అబ్జర్వర్’ 1992లో పాయింటర్ సంస్థ తోడ్పాటుతో ‘పౌరుల ఎజెండా’ను రూపొందించింది. ఓటర్ల ప్రశ్నలను అభ్యర్థుల ముందు పెట్టే క్రమంలో సెనేట్ అభ్యర్థి టెర్రీ శాన్‌ఫర్డ్ పర్యావరణంపై ప్రశ్నకు అప్పుడే జవాబివ్వడానికి ఇష్టపడలేదు. ప్రశ్నను ప్రచురించి ఆయన పేరు కింద ఖాళీ స్థలం వదులుతామని సంపాదకుడు రిచ్ ఓపెల్ చెప్పడంతో జవాబు వచ్చింది. పత్రిక తన అభిప్రాయాన్ని ఒక్క మాట కూడా చేర్చలేదు. ప్రశ్న అడిగే అధికారాన్ని పాఠకుడికి ఇచ్చి, జవాబు రాకపోతే ఆ మౌనం అందరికీ కనిపించేలా చేస్తానన్నది. పౌరుడు ఇక్కడ ప్రథమ పురుష నుంచి ఉత్తమ పురుషకు మారాడు. ‘ఓటర్లు పర్యావరణం గురించి ఆందోళన చెందుతున్నారు’ అన్న వార్తకూ, ‘మీరేం చేస్తారు?’ అని ఒక ఓటరు అడిగిన ప్రశ్నకూ ఉన్న తేడా అదే.

ఒహాయో రాష్ట్రంలోని ‘యాక్రన్ బీకన్ జర్నల్’ 1993లో జాతి సంబంధాలపై సంవత్సరం పొడవునా వార్తామాల నడిపి 1994లో ప్రజాసేవా విభాగంలో పులిట్జర్ బహుమతి పొందింది. జాతి వివక్షను తగ్గించడానికి తమవంతు పాటుపడతామని ఇరవై వేలకు పైగా పాఠకులు కూపన్లు నింపి పంపారు. 1993 నుంచి 2003 వరకు పనిచేసిన ప్యూ సివిక్ జర్నలిజం కేంద్రం ఇటువంటి ప్రయోగాలకు ఆర్థిక సహాయం, శిక్షణ ఇచ్చింది. ఆ దశాబ్దంలో అమెరికా దినపత్రికలలో కనీసం అయిదో వంతు ఏదో ఒక రూపంలో ఈ పద్ధతిని అనుసరించాయని లూయిస్ ఫ్రీడ్‌ల్యాండ్, శాండీ నికల్స్ పరిశీలనలో తేలింది.

ఎదురైన విమర్శలు

ఈ ఉద్యమంపై మొదటి విమర్శ పెద్ద పత్రికల సంపాదకుల నుంచి వచ్చింది. వార్త రాయడం ఒక పని, ఊరిని బాగుచేయడం మరో పని, రెండూ కలిస్తే పత్రిక తటస్థతను కోల్పోతుందన్నది దాని సారాంశం. ‘వాషింగ్టన్ పోస్ట్’ సంపాదకుడు లెనార్డ్ డౌనీ, ‘న్యూయార్క్ టైమ్స్’ పూర్వ సంపాదకుడు మాక్స్ ఫ్రాంకెల్ ఈ వైపు నిలిచారు. ఈ విమర్శకు మెరిట్ తదితరుల సమాధానం కొంతవరకు సరిపోతుంది. సభ జరిగేలా చూడడానికీ, సభలో ఏ తీర్మానం జరగాలో చెప్పడానికీ తేడా ఉందని వారి వాదన.

రెండో విమర్శ మరింత లోతైనది. 1996లో ఉత్తర కరోలినాలోని పలు వార్తా సంస్థలు ‘యువర్ వాయిస్, యువర్ వోట్’ పేరుతో ఉమ్మడిగా ఎన్నికల వార్తలు నడిపాయి. సర్వేలో ఎక్కువమంది చెప్పిన సమస్యలే ఎజెండా అయ్యాయి. ఆ ఏడాది సెనేట్ స్థానానికి జెస్సీ హెల్మ్స్, నల్లజాతి నాయకుడు హార్వీ గాంట్ పోటీపడ్డారు. అభ్యర్థుల మధ్య నిజంగా భేదం ఉన్న అంశాలు, చర్చించడానికి ఇబ్బందికరమైన అంశాలు ఆ జాబితా వల్ల వెనక్కి పోయాయని మైఖేల్ కెల్లీ ‘న్యూయార్కర్’ పత్రికలో తీవ్రంగా విమర్శించాడు. సగటు తీసినప్పుడు అల్పసంఖ్యాకుల బాధ కనబడదు.

మూడో విమర్శ మైఖేల్ షడ్సన్‌ది. థియడోర్ గ్లాసర్ సంపాదకత్వంలో 1999లో వెలువడిన ‘ది ఐడియా ఆఫ్ పబ్లిక్ జర్నలిజం’ సంకలనంలోని వ్యాసంలో ఆయన, ఈ ఉద్యమం పౌరులకు గౌరవం ఇచ్చింది కాని అధికారం ఇవ్వలేదని చూపాడు. ఏది ప్రచురించాలి, ఎప్పుడు ఆపాలి అన్న నిర్ణయం పాత్రికేయుల చేతిలోనే ఉంది.

రెండో, మూడో విమర్శలు నిజానికి ఒకే ప్రశ్నకు రెండు రూపాలు: పత్రిక ‘మనం’ అన్నప్పుడు ఆ మాటలో ఎవరున్నారు, ఆ మాట అనే హక్కు ఎవరిది? ఇంగ్లీషులో ‘ఉయ్’ అన్న ఒకే సర్వనామం ఉండడం వల్ల ఈ ప్రశ్న మరుగున పడే అవకాశం ఎక్కువ. తెలుగు ఆ వెసులుబాటు ఇవ్వదు. వినేవారిని కలుపుకుంటే ‘మనం’, వినేవారిని వేరుగా ఉంచితే ‘మేము’. ద్రావిడ భాషలకు సహజమైన ఈ భేదం తెలుగులో మాట్లాడే ప్రతి వ్యక్తినీ నోరు తెరవగానే ఒక నిర్ణయం తీసుకోమంటుంది. తటస్థత పాటించే పత్రిక ‘మేము’ అంటుంది. పౌర పాత్రికేయం ‘మనం’ అనడానికి ప్రయత్నిస్తుంది. ‘మనం’ అనడం సులువు. ఊరి పెద్ద కూడా ‘మన ఊరు’ అనే అంటాడు, ఆ మాటలో వాడలోని వారు ఉన్నారో లేదో వాడకు మంచినీళ్లు వచ్చాయా లేదా అన్నదాన్ని బట్టే తెలుస్తుంది.

తెలుగు పత్రికల్లో పాఠకుడి స్థానం

ఈ దృష్టితో తెలుగు పత్రికా చరిత్రను చూస్తే పాఠకుడి స్థానం కాలానుగుణంగా మారిన తీరు స్పష్టమవుతుంది. కందుకూరి వీరేశలింగం 1874లో ప్రారంభించిన ‘వివేకవర్ధని’ అధికారుల లంచగొండితనాన్ని, సంఘ దురాచారాలను ఎండగట్టింది. ఆ పత్రిక పాఠకుడిని సంస్కరించవలసిన శ్రోతగా సంబోధించింది. అంటే పాఠకుడు మధ్యమ పురుష. సంస్కరణోద్యమ కాలానికి అది అవసరమైన స్వరమే, అయితే మాట ఒకవైపు నుంచే సాగింది.

సురవరం ప్రతాపరెడ్డి 1926లో హైదరాబాదులో స్థాపించిన ‘గోలకొండ పత్రిక’ మరో దారి చూపింది. తెలంగాణలో తెలుగు కవులు లేరన్న ఆక్షేపణ ఎదురైనప్పుడు సంపాదకుడు ఘాటైన ఖండన రాసి ఊరుకోలేదు. కవుల నుంచి రచనలు, వివరాలు కోరి తెప్పించి, 354 మంది కవులతో 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ వెలువరించాడు. సాహిత్య చరిత్రలో ఈ సంచికకున్న ప్రాముఖ్యం అందరికీ తెలిసిందే. పాత్రికేయ పద్ధతిగా దాని ప్రాముఖ్యం మాత్రం తగినంతగా చర్చకు రాలేదు. ఒక సమూహం తన ఉనికిని తానే నిరూపించుకోవడానికి పత్రిక వేదిక కావడం, సంపాదకుడి ‘మేము’ స్థానంలో పాఠకుల ‘మనం’ నిలవడం పౌర పాత్రికేయ లక్షణాలే. ఆ పేరు పుట్టడానికి ఆరు దశాబ్దాల ముందే ఆ పని జరిగింది. అయితే ఆ ‘మనం’ ప్రధానంగా కవిత్వం రాయగల అక్షరాస్యుల ‘మనం’ అన్న పరిమితినీ గుర్తించాలి.

1974లో విశాఖపట్నంలో మొదలైన ‘ఈనాడు’, ఆ తరువాత దాన్ని అనుసరించిన పత్రికలు వార్తను మండలాల దాకా తీసుకుపోయాయి. 1980ల చివరినాటికి జిల్లా అనుబంధాలు స్థిరపడ్డాయి. ఈ పరిణామాన్ని రాబిన్ జెఫ్రీ ‘ఇండియాస్ న్యూస్‌పేపర్ రివల్యూషన్’ (2000)లోనూ, సేవంతి నైనన్ ‘హెడ్‌లైన్స్ ఫ్రమ్ ది హార్ట్‌ల్యాండ్’ (2007)లోనూ విశ్లేషించారు. ఊరి పేరు, ఊరివారి ఫొటో పత్రికలో కనబడడం చిన్న విషయం కాదు. అయితే ఆ వార్తలు సేకరించే గ్రామీణ విలేకరికి నికరమైన జీతం అరుదు. అచ్చయిన మేరకు ముట్టే కొద్దిపాటి పారితోషికం, ప్రకటనలు తెచ్చే బాధ్యత అతని వృత్తి జీవితాన్ని శాసిస్తాయి. స్థానిక నాయకుడు, గుత్తేదారు, ప్రైవేటు కళాశాల యజమాని అతనికి ఏకకాలంలో వార్తా వనరులు, ప్రకటనకర్తలు. ఈ పరిస్థితిలో ఎవరికీ నొప్పి కలగని వాక్యం అతనికి అవసరం. ‘స్థానికులు కోరుతున్నారు’ అన్నది అటువంటి వాక్యమే. శైలీదోషంగా కనబడే ఆ ముగింపు వెనుక ఒక ఆర్థిక వ్యవస్థ ఉంది. కనుక విలేకరి భాషను మాత్రమే సరిదిద్ది పౌర పాత్రికేయం సాధించడం అసాధ్యం.

వాక్య నిర్మాణంలోనూ ఇదే ధోరణి కనబడుతుంది. ‘బడు’ ధాతువుతో చేసిన కర్మణి ప్రయోగాలు తెలుగుకు సహజం కావని భాషావేత్తలు చెబుతూ వచ్చారు. ‘రోడ్డు వేయబడింది’ అన్న వాక్యాన్ని పత్రికలు వదిలించుకున్నాయి కూడా. దాని స్థానంలో ‘రోడ్డు వేశారు’ వచ్చింది. భాష సహజమైంది. కర్త మాత్రం అప్పుడూ కనబడలేదు, ఇప్పుడూ కనబడడం లేదు. ఎవరు వేశారు, ఎవరి డబ్బుతో, ఎవరి తీర్మానంతో అన్నవి వాక్యం బయటే ఉండిపోయాయి.

సారా వ్యతిరేక ఉద్యమం: రాత్రి బడి నుంచి పత్రిక దాకా

న్యూస్‌రూమ్, తరగతి గది రెండూ పౌర చర్యతో కలిసిన సందర్భం తెలుగు నేలపై ఉంది. 1990ల ఆరంభంలో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతా కార్యక్రమం ఉధృతంగా సాగింది. అక్కడి వాచకాలలో ‘సీతమ్మ కథ’ వంటి పాఠాలు సారా వల్ల ఛిద్రమైన కుటుంబాల గురించి మాట్లాడాయి. దూబగుంట గ్రామంలో మహిళలు సారా దుకాణాన్ని మూయించారు. ఆ ఘటన కూడా నవాక్షరాస్యుల పఠన సామగ్రిలోకి చేరి ఊరూరా చదువుకున్నారు. 1992 నాటికి ఉద్యమం జిల్లా దాటింది. మహిళలు సారా వేలంపాటలను అడ్డుకున్నారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం అమలైంది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చి 1997లో సడలింది.

ఈ క్రమంలో పాఠం నివేదిక వంటిది, తరగతి సభ వంటిది, చర్య ఆ సభ తీర్మానం. కొలంబస్ పత్రిక ఆలస్యంగా తెలుసుకున్న విషయాన్ని రాత్రి బడి మొదటే అమలు చేసింది. ఆ చదువు మౌనంగా సాగలేదు. చదివినది తమ ఇంటి కథగా గుర్తుపట్టి, పక్కన కూర్చున్నవారితో మాట్లాడడం ఆ పఠనంలో భాగం. ‘సీతమ్మ’ ప్రథమ పురుషలో మొదలై, చర్చలో ‘నేను’గా మారి, వీధిలోకి ‘మనం’గా వచ్చింది.

పత్రికలు, ముఖ్యంగా ‘ఈనాడు’, ఉద్యమ వార్తలకు విస్తృతంగా స్థలం కేటాయించాయి. ఒక ఊరిలో జరిగినది మరో ఊరికి తెలియడానికి ఇది ఎంతగానో తోడ్పడింది. పత్రిక రాజకీయ వైఖరి, అప్పటి ప్రభుత్వంతో దాని విరోధం ఈ ప్రచారంలో పాత్ర వహించాయన్న విమర్శ కూడా ఉంది. రెండు మాటలూ నిజం కావచ్చు. పౌర పాత్రికేయ దృష్టిలో అడగవలసిన ప్రశ్న వేరు. సారా నిషేధమయ్యాక ఆ మహిళల తరువాతి ప్రశ్నలకు - కూలి రేట్లు, గృహహింస, నిషేధం సడలింపు - అదే స్థలం దక్కిందా? పతాక శీర్షికల దశ దాటాక ‘మనం’ మళ్లీ ‘వారు’ అయింది. ప్యూ కేంద్రం మూతపడ్డాక అనేక అమెరికా పత్రికల్లో జరిగినదీ ఇంతకంటే భిన్నం కాదు. ప్రయోగాలు ప్రాజెక్టులుగా మొదలై, ప్రాజెక్టులుగానే ముగిశాయి. రోజువారీ అలవాటుగా మారినవి తక్కువ.

మాట ఉంది, వార్త లేదు

అప్పటి మెదక్ జిల్లా జహీరాబాద్ ప్రాంతంలో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల మహిళలు నడిపే సంఘం రేడియో 2008 అక్టోబరు 15న మాచనూరు నుంచి అధికారికంగా ప్రసారాలు మొదలుపెట్టింది. దళిత మహిళలు నిర్వహించే ఈ కేంద్రంలో విత్తనాలు, చిరుధాన్యాలు, ఆరోగ్యం, పాటలు, ఊరి ముచ్చట్లు ఆ ప్రాంతపు మాండలికంలోనే వినబడతాయి. అడిగేవారు, చెప్పేవారు, వినేవారు ఒకే సమూహానికి చెందడం వల్ల షడ్సన్ లేవనెత్తిన అధికార సమస్య ఇక్కడ చాలావరకు తొలగుతుంది.

అయితే 2006 నాటి సామాజిక రేడియో విధానం ఇటువంటి కేంద్రాలు సొంతంగా వార్తలు, వర్తమాన వ్యవహారాలు ప్రసారం చేయకూడదని నిషేధించింది. పత్రికకు ఉన్న స్వేచ్ఛ గాలిలోని మాటకు లేదు. సాగు గురించి మాట్లాడవచ్చు, ఎరువుల పంపిణీలో అక్రమాన్ని వార్తగా చెప్పడానికి వీలులేదు. వార్త చెప్పే హక్కున్న సంస్థలలో పౌరుడు ప్రథమ పురుషలో ఉన్నాడు. పౌరుడు ఉత్తమ పురుషలో మాట్లాడే చోట వార్తకు అనుమతి లేదు. పౌర పాత్రికేయ చర్చ శైలికి, సంకల్పానికి పరిమితం కారాదని, చట్టం దాకా పోవలసి ఉందని దీనివల్ల తెలుస్తుంది.

తరగతి గదిలో

ఉస్మానియా విశ్వవిద్యాలయంలో 1954లో పాత్రికేయ శాఖ ఏర్పడిన నాటి నుంచి తెలుగు ప్రాంతంలో పాత్రికేయ విద్య విస్తరించింది. పత్రికలు సొంత శిక్షణ సంస్థలు పెట్టుకున్నాయి. ‘ఈనాడు’ జర్నలిజం పాఠశాలకు భాషావేత్త బూదరాజు రాధాకృష్ణ ప్రిన్సిపాల్‌గా ఉండడం పాత్రికేయ శిక్షణలో భాషకున్న స్థానాన్ని సూచిస్తుంది. ఈ విద్యలో విద్యార్థి మొదట నేర్చేవి ఆరు ప్రశ్నలు: ఎవరు, ఏమిటి, ఎప్పుడు, ఎక్కడ, ఎందుకు, ఎలా. ఆపైన ముఖ్యాంశం ముందు, వివరాలు తరువాత వచ్చే తలకిందుల పిరమిడ్. ఇవి అవసరమే. వీటికి పౌర పాత్రికేయం చేర్చే ప్రశ్న ఒకటుంది: ‘ఇప్పుడేం చేద్దాం?’ ‘చేద్దాం’ అన్న క్రియ తెలుగులో ‘మనం’తోనే కుదురుతుంది, ‘మేము’తో కుదరదు. ఆ ప్రశ్నకు జవాబు విలేకరి చెప్పనక్కరలేదు. ఊరివారు దాన్ని ఎలా చర్చించుకుంటున్నారో, ఎక్కడ విభేదిస్తున్నారో నివేదిస్తే చాలు.

బోధనకు ఉపకరించే నమూనా ప్యూ కేంద్రం 1996లో ప్రచురించిన ‘ట్యాపింగ్ సివిక్ లైఫ్’లో ఉంది. రిచర్డ్ హార్వుడ్ రూపొందించిన ఈ నమూనా ప్రకారం ఊరి పౌరజీవితానికి అయిదు పొరలున్నాయి. ప్రభుత్వ కార్యాలయాలు, చట్టసభలు మొదటిది. సంఘాల సమావేశాలు రెండోది. జనం అలవాటుగా కూడి మాట్లాడుకునే చోట్లు మూడోది. దారిలో, దుకాణంలో యాదృచ్ఛికంగా సాగే మాటలు నాలుగోది. ఇంటి మాటలు అయిదోది. వార్తలు ఎక్కువగా మొదటి పొర నుంచే వస్తాయన్నది హార్వుడ్ గమనింపు.

ఈ నమూనాను యథాతథంగా తెలుగు తరగతి గదిలో ప్రవేశపెడితే ఇబ్బంది వస్తుంది. మూడో పొరకు తెలుగు విద్యార్థి వెంటనే చెప్పే ఉదాహరణలు రచ్చబండ, టీకొట్టు. రచ్చబండపై కూర్చునే హక్కు అన్ని కులాలకూ సమానంగా ఉండేది కాదు. టీకొట్టు దగ్గర రెండు గ్లాసుల పద్ధతి దళిత ఉద్యమాలు పోరాడిన విషయం. స్త్రీలు ఈ రెండు చోట్లా కనబడరు. కనుక ఆ చోట్ల విన్నదాన్ని ‘ఊరి అభిప్రాయం’గా రాస్తే కలుపుకున్నట్టే ఉండి వెలివేసే ‘మనం’ తయారవుతుంది. నల్లా దగ్గర, రేషన్ దుకాణం వరుసలో, ఉపాధి హామీ పని జరిగే చెరువు గట్టున, మహిళా సంఘం పొదుపు సమావేశంలో వినబడే మాటలను విడిగా పటంలో గుర్తించడం ఇక్కడి పాఠ్యక్రమానికి అవసరం. పటం గీసేటప్పుడు ప్రతి చోటుకూ ‘ఇక్కడికి ఎవరు రాలేరు?’ అన్న ప్రశ్న జోడించాలి.

ఆచరణలో ఇందుకు సిద్ధంగా ఉన్న ప్రయోగశాల సామాజిక తనిఖీ. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2006 నుంచి ఉపాధి హామీ పనులపై ఊరివారి ఎదుటే లెక్కలు చదివి, మండల స్థాయి ప్రజావేదికలో బహిరంగంగా విచారించే పద్ధతి మొదలైంది. ప్రజావేదిక మరునాటి వార్తలో సాధారణంగా రికవరీ మొత్తం, సస్పెన్షన్లు శీర్షికకెక్కుతాయి. మస్టరు రోలులో తన పేరు విని ‘ఆ రోజు నేను పనికి పోలేదు’ అని లేచి చెప్పిన కూలీ, ఆ మాట అనడానికి ఆమె దాటిన భయం, తరువాత ఆమెకు ఎదురైనది వార్తలోకి రావు. పాత్రికేయ విద్యార్థులు అదే ప్రజావేదికను ఒకసారి అధికారి ప్రకటన ఆధారంగా, మరోసారి కూలీల వైపు నుంచి రాసి, రెండింటిలో కర్తలు ఎవరో గీత గీసి చూసుకుంటే పది ఉపన్యాసాలు చెప్పలేనిది తెలుస్తుంది.

తెలుగు శాఖలు ఈ బోధనకు చేయగల సాయం ప్రత్యేకమైనది. గిడుగు రామమూర్తి ఉద్యమ ఫలితంగా పత్రికలు వ్యావహారికానికి వచ్చాయి, కాని అది శిష్ట వ్యావహారికం. ‘నల్లల నీళ్లు వస్తలేవు, ఎవర్నడగాలె?’ అన్న మాట డెస్కు దాటేసరికి ‘తాగునీటి సరఫరా సక్రమంగా లేదని వాపోయారు’ అవుతుంది. ప్రశ్న ఫిర్యాదుగా, అడగడం వాపోవడంగా మారిపోతుంది. ఇది కేవలం మాండలిక సమస్య కాదు. ఆ మార్పులో ఒక పౌరురాలి ప్రశ్న పోయింది. ఉత్తమ పురుషలోని మాటను ప్రథమ పురుషలోకి, అంటే ప్రత్యక్ష కథనాన్ని పరోక్ష కథనంలోకి మార్చడం వ్యాకరణ తరగతిలో నేర్పే అభ్యాసం. ఆ మార్పులో ఏమి జారిపోతుందో నేర్పడం సాహిత్య, పాత్రికేయ శాఖలు ఉమ్మడిగా చేయవలసిన పని.

చివరగా మూల్యాంకనం. విద్యార్థికి మార్కులు అతడు రాసి ఇచ్చిన కాపీకి వస్తాయి. విన్న సమయానికి, తిరిగి వెళ్లి చదివి వినిపించినందుకు రావు. అచ్చయిన ప్రయోగ పత్రికను ఆ ఊరికి తీసుకుపోయి, చదవడం రానివారికి చదివి వినిపించి, వారి అభ్యంతరాలను తరువాతి సంచికలో ప్రచురించడం పాఠ్యక్రమంలో భాగం కానంతవరకు ఊరు ఒక సెమిస్టరు అసైన్‌మెంటుగానే ఉంటుంది. ‘మేము’ వెళ్లి ‘వారిని’ చూసి వచ్చినట్టు అవుతుంది.

ముగింపు

పై పరిశీలన వల్ల కొన్ని విషయాలు తేటపడుతున్నాయి. పౌర పాత్రికేయం అమెరికా నుంచి వచ్చిన పేరు, కాని ఆ పద్ధతి తెలుగు పత్రికా చరిత్రకు పరాయిది కాదు. ‘గోలకొండ కవుల సంచిక’, నెల్లూరు రాత్రి బడులు అందుకు నిదర్శనాలు. తెలుగు స్థానిక వార్త ఊరికి చోటిచ్చింది, ఊరివారికి అర్జీదారు పాత్రనే ఇచ్చింది. ఈ పాత్ర మారడానికి వాక్యం, విలేకరి జీవన పరిస్థితి, ప్రసార చట్టం మూడూ మారవలసి ఉంది. వీటిలో మొదటిది మాత్రమే తరగతి గది చేతిలో ఉంది, మిగిలిన రెండింటిని గురించి ప్రశ్నించే విలేకరులను తయారుచేయడం కూడా తరగతి గది బాధ్యతే.

అమెరికా అనుభవం ఇచ్చే హెచ్చరికను తెలుగు సర్వనామాలు మరింత పదునుగా చెబుతున్నాయి. పత్రిక ‘మనం’ అన్నంత మాత్రాన ఆ మాట నిజం కాదు. అందులో తామూ ఉన్నామని నల్లా దగ్గరి మనిషి ఒప్పుకోవాలి. జిల్లా పుటలోని చివరి వాక్యంలో ‘స్థానికులు కోరుతున్నారు’ అన్నచోట ఆమె పేరు, ఆమె అడిగిన ప్రశ్న, జవాబు చెప్పవలసిన వ్యక్తి పేరు, జవాబు రాకపోతే కొంత ఖాళీ స్థలం - ఇవి కనబడిన రోజున ఆ ఒప్పుకోలుకు ఒక ఆధారం దొరుకుతుంది.